థాయిలాండ్‌లో అతిథి మర్యాదలు: చేతులు జోడించడం నుంచి చెంచా పట్టుకోవడం దాకా

బ్యాంకాక్ సందుల్లో పొరుగువారు ఎదురుపడితే అడిగే మాట తరచుగా “కిన్ ఖావ్ రూ యంగ్?” అన్నదే అవుతుంది. అన్నం తిన్నారా, ఇంకా లేదా అని దాని అర్థం. మన ఊళ్ళలో “భోజనాలు అయ్యాయా?” అని అడిగినవారికి ఏమేమి తిన్నామో చెప్పనక్కరలేనట్టే, అక్కడ కూడా తిన్నామని చిరునవ్వుతో అంటే సరిపోతుంది. మొదటిసారి థాయిలాండ్ వెళ్ళే తెలుగువారికి ఇలాంటి పోలికలు అడుగడుగునా కనిపిస్తాయి. అక్కడివారు చేతులు జోడించి పలకరిస్తారు, చెప్పులు బయట విడుస్తారు, గడప తొక్కరు, పెద్దల ముందు నుంచి వెళ్ళవలసివస్తే కొంచెం వంగి నడుస్తారు, భోజనం అంటే ముందుగా అన్నమే అనుకుంటారు.

ఈ పోలికలే ఒక చిక్కును కూడా తెస్తాయి. పూర్తిగా కొత్తదైన ఆచారం దగ్గర మనిషి జాగ్రత్తగా ఉంటాడు. తెలిసినట్టే కనిపించే ఆచారం దగ్గర ఇంటి అలవాటు తనంతట తానే ముందుకు వస్తుంది. ముద్దొచ్చే పిల్లవాడి తల నిమరడం, ఎదురైన ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టడం, బల్ల మీదికి వచ్చిన కూరలన్నీ ఒకేసారి వడ్డించుకోవడం మన దగ్గర ఆప్యాయతకు, కలుపుగోలుతనానికి గుర్తులు. అక్కడ వాటికి వేరే అర్థాలు ఉన్నాయి. అందుచేత ఈ మార్గదర్శిలో మనకు చిన్నప్పటి నుంచే వచ్చిన మర్యాదలను త్వరగా దాటి, మన అలవాటు మనల్ని పక్కదారి పట్టించే చోట్ల ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి మెట్టు: బయలుదేరే ముందు

పెట్టె సర్దుకునేటప్పుడు భుజాలనూ మోకాళ్ళనూ కప్పే బట్టలు కనీసం రెండు జతలు వేరుగా పెట్టుకోవాలి. బ్యాంకాక్‌లోని రాజభవన ప్రాంగణంలోనూ, అందులోనే ఉన్న మరకత బుద్ధుడి ఆలయం వాట్ ఫ్రా కేవ్‌లోనూ చేతుల్లేని పైవస్త్రాలు, నిక్కర్లు, చిరుగుల జీన్సు, ఒంటికి అతుక్కునే లెగ్గింగులు వేసుకున్నవారిని లోపలికి రానివ్వరు. ఆడవారికి సల్వార్ కమీజు అన్నిటికన్నా సుఖం. చీర కట్టుకునేవారు చేతులున్న రవిక వేసుకుని, పైటను రెండు భుజాల మీదుగా కప్పుకుంటే ఎక్కడా అడ్డు చెప్పరు. తాళ్ళు కట్టే బూట్ల కన్నా సులువుగా విడిచే చెప్పులు మేలు, ఎందుకంటే రోజులో ఎన్నోసార్లు విడవవలసి వస్తుంది. ఏప్రిల్ ఎండలో ఆలయాల ముందరి చలువరాతి నేల కాలుతుంది కనుక ఒక జత మేజోళ్ళు సంచిలో ఉంచుకోవడం మంచిది.

మూడు మాటలు నోటికి రావాలి. పలకరింపుకు “సవత్‌దీ”, కృతజ్ఞతకు “ఖోప్ ఖున్”, క్షమాపణకు “ఖో థోత్”. ప్రతి మాట చివర మాట్లాడేవారు మగవారైతే “ఖ్రప్” అనీ, ఆడవారైతే “ఖా” అనీ చేర్చాలి. వినేవారు ఎవరన్నదానితో దీనికి సంబంధం లేదు. స్త్రీతో మాట్లాడుతున్నా మగవాడు “ఖ్రప్” అనే అంటాడు. మన “అండీ” చేసే పనే ఈ చిన్న మాటలు చేస్తాయి, అవి లేకపోతే వాక్యం మొరటుగా వినిపిస్తుంది. “సవత్‌దీ” మనకు కొత్త మాట కాదు, సంస్కృత “స్వస్తి” నుంచి వచ్చినదే. చులలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయంలో బోధించిన భాషాపండితుడు ఫ్రయా ఉపకిత్ సిలపసాన్ 1930లలో దీన్ని పలకరింపుగా వాడుకలోకి తెచ్చారు, 1943లో ప్రభుత్వం దీన్ని అధికారిక పలకరింపుగా స్వీకరించింది.

రెండవ మెట్టు: చేతులు జోడించడం

థాయ్ నమస్కారాన్ని “వాయ్” అంటారు. చూడటానికి మన నమస్కారమే, కానీ దానికి ఎత్తుల లెక్క ఉంది. సమానస్థులకు చేతులు జోడించినప్పుడు బొటనవేళ్ళు గడ్డం దగ్గరా, వేళ్ళ కొసలు ముక్కు దగ్గరా ఉంటాయి. తల్లిదండ్రులకు, గురువులకు, పెద్దలకు బొటనవేళ్ళు ముక్కు దాకా, వేళ్ళ కొసలు కనుబొమల మధ్యకు వస్తాయి. బుద్ధ ప్రతిమకూ భిక్షువులకూ బొటనవేళ్ళు కనుబొమల మధ్యన, వేళ్ళ కొసలు నుదుటి పైభాగాన ఉంటాయి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, చేతులను తల మీదికి ఎత్తే బదులు తలనే చేతుల వైపు వంచాలి. సందర్శకుడు ఈ కొలతలన్నీ తప్పకుండా పాటించాలని ఎవరూ ఎదురుచూడరు. చేతులు గుండెకు కొంచెం పైన ఉండి, తల నెమ్మదిగా వంగితే భావం అందుతుంది.

కొలతల కన్నా ముఖ్యమైనది ఎవరు ముందు జోడించాలన్నది. చిన్నవారు పెద్దవారికి ముందు జోడిస్తారు, పెద్దవారు దాన్ని అందుకుంటారు. మనం సభలోకి వెళ్ళి అందరికీ కలిపి నమస్కారం పెట్టినట్టు అక్కడ కనిపించిన ప్రతి ఒక్కరికీ పెట్టకూడదు. హోటల్లో తలుపు తీసే కుర్రవాడు, దుకాణంలో డబ్బు తీసుకునే అమ్మాయి మీకు వాయ్ చేస్తే చిరునవ్వుతో తల ఊపడమే తగిన బదులు. చిన్నపిల్లలు చేసినా అంతే. మీరు తిరిగి లోతుగా వంగి నమస్కరిస్తే వాళ్ళు మురిసిపోతారని మనం అనుకుంటాం, నిజానికి ఎటు సర్దుకోవాలో తెలియక ఇబ్బంది పడతారు. మీ కన్నా పెద్దవారు, ఇంటి యజమానురాలు, గురుస్థానంలో ఉన్నవారు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మీరే ముందు జోడించాలి. చేతుల్లో సామాను ఉంటే దాన్ని కింద పెట్టి జోడించడం ఉత్తమం, వీలుకాకపోతే తల వంచితే చాలు. భిక్షువులు గృహస్థుల నమస్కారానికి తిరిగి నమస్కరించరు, అది వారి నియమం.

పెద్దల కాళ్ళకు దండం పెట్టే మన అలవాటును అక్కడ ఆచరించకపోవడమే మేలు. మీరు హఠాత్తుగా వంగి పాదాలను తాకబోతే ఎదుటివారు కాళ్ళు వెనక్కు లాక్కుంటారు. ఎందుకో ఇంకొంచెం ముందుకు వెళ్ళాక తెలుస్తుంది.

మూడవ మెట్టు: పేరు పెట్టి పిలవడం

థాయ్‌లు ఎంత పెద్దవారినైనా ఇంటిపేరుతో కాక సొంత పేరుతోనే పిలుస్తారు, దాని ముందు “ఖున్” చేరుస్తారు. ఇంటిపేర్లు వారికి చట్టం ద్వారా వచ్చినవి. ఆరవ రాముడిగా పేరొందిన వజిరావుధ్ రాజు కాలంలో 1913లో ఆ చట్టం వచ్చింది. ఇంటిపేరు ముందు రాసుకునే మనవారు పరిచయపత్రం ఇచ్చేటప్పుడు ఏది తమ పేరో నోటితో చెప్పాలి, లేకపోతే సమావేశమంతా మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తూ పోతారు. పొడవైన అధికారిక పేరుతో పాటు దాదాపు ప్రతి ఒక్కరికీ ఒకటి రెండు అక్షరాల ముద్దుపేరు ఉంటుంది, దానితో పిలవమంటే అది చనువు ఇచ్చినట్టు.

వరుసలు కలిపే మన పద్ధతి మాత్రం అక్కడ చక్కగా చెల్లుతుంది. మీ కన్నా కొంచెం పెద్దవారిని, వారు ఆడైనా మగైనా, “ఫీ” అనీ, చిన్నవారిని “నోంగ్” అనీ పిలుస్తారు. భోజనశాలలో వడ్డించే కుర్రవాణ్ణి “నోంగ్ ఖ్రప్” అని పిలవడం మనం “తమ్ముడూ” అని పిలవడం వంటిదే. ఈల వేయడం, చిటికె వేయడం, వేలు చూపడం తగదు. దూరాన ఉన్నవారిని చేతితో పిలవవలసివస్తే అరచేయి నేల వైపు ఉంచి వేళ్ళను తన వైపు ఆడించాలి.

నాల్గవ మెట్టు: తల, పాదం

థాయ్ మర్యాదల్లో సగం ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే. తల ఒంటిలో అన్నిటికన్నా పవిత్రమైన భాగం, పాదం అన్నిటికన్నా తక్కువది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకు పాదం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కూర్చున్నప్పుడు అరికాలు ఎవరి వైపూ, ముఖ్యంగా బుద్ధుడి వైపు, భిక్షువు వైపు తిరగకుండా చూసుకోవాలి. నేల మీద కూర్చున్న మనిషిని దాటుకుంటూ వెళ్ళకూడదు. కాలితో తలుపు తోయడం, పడిన వస్తువును కాలితో దగ్గరకు లాక్కోవడం అక్కడ చాలా మోటుగా కనిపిస్తాయి.

తల దగ్గరే మనం పొరబడతాం. మనకు తల మీద చేయి వేయడం ఆశీర్వాదం. అక్కడ పరాయివారు తల తాకడం ఆ మనిషిలోని పవిత్రతను తాకడమే. కన్నవారు తమ పిల్లల తల నిమురుకోవచ్చు, స్నేహితుల మధ్య అంత పట్టింపు ఉండకపోవచ్చు, కానీ అతిథిగా వెళ్ళిన మనం రైలులో ఎదురుగా కూర్చున్న పసివాడిని ముద్దు చేయాలనిపిస్తే చిరునవ్వుతో పలకరించి ఊరుకోవాలి. రైలులో, విమానంలో వేరొకరి తల మీదుగా సామాను అందుకోవలసివస్తే ముందుగా “ఖో థోత్” అనాలి.

ఐదవ మెట్టు: ఆలయంలో

థాయ్ బౌద్ధాలయాన్ని “వాట్” అంటారు. బ్యాంకాక్‌లోని వాట్ అరుణ్ అన్న పేరులో మన అరుణుడే ఉన్నాడు. సహస్రాబ్దికి పైగా క్రితం ఆ నేల మీద వెలసిన ద్వారావతి అనే పాత రాజ్యపు శిల్పంలో మన కృష్ణా తీరపు అమరావతి శిల్పఛాయలను కళాచరిత్రకారులు గుర్తించారు. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న మనమే అక్కడి బుద్ధుడిని అలంకార వస్తువుగా చూస్తే అది నొప్పించే విషయం.

గుడి గడపను తొక్కకుండా దాటాలి. లోపల నేల మీద కూర్చునేటప్పుడు మన బాసిపట్టు వేసుకోకుండా, రెండు కాళ్ళనూ మడిచి ఒక పక్కకు తిప్పి, పాదాలు వెనక్కు ఉండేలా కూర్చోవాలి. ఈ భంగిమను “ఫప్ ఫియప్” అంటారు. అలవాటు లేనివారికి పది నిమిషాల్లో తిమ్మిరెక్కుతుంది, అప్పుడు నెమ్మదిగా పక్క మార్చుకోవచ్చు. ఫోటో తీసుకోవడం చాలాచోట్ల అనుమతిస్తారు, అయితే ప్రతిమకు వీపు ఆనించి, భుజం మీద చేయి వేసినట్టు నిలబడి, ఎక్కి కూర్చుని తీసుకోకూడదు. పూర్వపు రాజధాని ఆయుత్థయలోని వాట్ మహాథాత్ శిథిలాల్లో రావిచెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు ఉంది. అది నేలకు కొంచెమే పైన ఉంటుంది. దాని పక్కన ఫోటో దిగాలంటే మన తల ఆ శిరస్సు కన్నా కిందకు వచ్చేదాకా చతికిలబడి కూర్చోవాలి. నిలబడి ఫోను ఎత్తినవారిని అక్కడి కాపలావారు వెంటనే కిందకు కూర్చోమంటారు. తల పాదాల సూత్రం ఏమిటో ఒక్క క్షణంలో అర్థం కావాలంటే ఆ చోటు చాలు.

భిక్షువుల విషయంలో స్త్రీలకు ఒక ప్రత్యేక నియమం ఉంది. భిక్షువును తాకకూడదు, వస్తువును నేరుగా ఆయన చేతికి ఇవ్వకూడదు. పురుషుడి ద్వారా ఇవ్వాలి, లేదా ఆయన పరిచిన వస్త్రం మీద ఉంచాలి. బస్సులో, పడవలో భిక్షువు పక్క సీటు ఖాళీగా ఉన్నా స్త్రీలు కూర్చోరు. తెల్లవారుజామున భిక్షకు వచ్చిన భిక్షువుల పాత్రలో ఆహారం వేయాలనుకుంటే చెప్పులు విడిచి వేయాలి. వారు మధ్యాహ్నం దాటాక ఘనాహారం తీసుకోరు, కనుక సాయంకాలం భోజనానికి పిలవకూడదు. పెద్ద బుద్ధ ప్రతిమలను దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి తప్పనిసరి.

ఆరవ మెట్టు: రాజు, జాతీయగీతం

దీన్ని క్లుప్తంగా చెబుతాను, కానీ తేలికగా తీసుకోవద్దు. రాజును, రాణిని, సింహాసన వారసుణ్ణి, రాజప్రతినిధిని అవమానించడం థాయ్ శిక్షాస్మృతి 112వ నిబంధన కింద నేరం, ఒక్కొక్క నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు ఉంటుంది, విదేశీయులకు మినహాయింపు లేదు. కాబట్టి ఆ విషయం మీద సరదాగా కూడా చర్చ పెట్టకూడదు, సామాజిక మాధ్యమాల్లో కూడా. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినిపిస్తే నడుస్తున్నవారు ఉన్నచోటే నిలబడాలి. సినిమాకు ముందు రాజగీతం వస్తే లేచి నిలబడాలి. నోట్ల మీదా నాణేల మీదా రాజు బొమ్మ ఉంటుంది కనుక దొర్లిపోతున్న నాణేన్ని కాలితో ఆపకూడదు, చేత్తోనే తీసుకోవాలి.

ఏడవ మెట్టు: గొంతు తగ్గించడం, “క్రేంగ్ జై”

తమ వల్ల ఎదుటివారికి ఇబ్బంది కలుగుతుందేమోనన్న సంకోచాన్ని థాయ్‌లు “క్రేంగ్ జై” అంటారు. మన మొహమాటానికి ఇది చాలా దగ్గరి చుట్టం, కాకపోతే మనం మొహమాటాన్ని ఒక బలహీనతగా చూస్తాం, వారు దాన్ని సంస్కారంగా చూస్తారు. దీన్ని అర్థం చేసుకుంటే చాలా సంగతులు తేలికవుతాయి. మీరు అడిగినదానికి నేరుగా కాదనలేక చిరునవ్వుతో మాట మార్చారంటే, అది కాదన్న జవాబే అయి ఉండవచ్చు. అటువంటప్పుడు గుచ్చి గుచ్చి అడగకుండా వదిలేయాలి. “మై పెన్ రై”, అంటే పరవాలేదు అన్నారంటే ఆ విషయం అక్కడితో ముగిసిందని అర్థం.

గొంతు పెంచినవాడు అక్కడ తన గౌరవాన్ని తానే పోగొట్టుకుంటాడు. గదిలో ఏసీ పనిచేయకపోయినా, టాక్సీ అతను చుట్టుతిప్పి తీసుకువెళ్ళినా, కోపంగా అరిస్తే పని ఆగిపోతుంది. నెమ్మదిగా చెబితే సాగుతుంది. నిజంగా మోసం జరిగిందనిపిస్తే 1155కు ఫోన్ చేస్తే పర్యాటక పోలీసులు పలుకుతారు. గుంపుగా వెళ్ళే మనవారు రైలు పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకు కేకలు వేసుకోవడం, ఫోనును స్పీకరులో పెట్టి ఇంటికి మాట్లాడటం చూసి చుట్టూ ఉన్నవారు ఏమీ అనరు. ఏమీ అనకపోవడం వారి మర్యాద, దాన్ని ఆమోదం అనుకోకూడదు. బజారులో బేరం ఆడవచ్చు, నవ్వుతూ రెండు మూడు మాటలతో ముగించాలి. ధర అతికించి ఉన్న దుకాణాల్లో బేరం ఉండదు.

ఎనిమిదవ మెట్టు: భోజనాల బల్ల దగ్గర

భోజనాన్ని థాయ్‌లు “ఆహాన్” అంటారు, మన ఆహారమే. కానీ బల్ల దగ్గర పద్ధతి మనకు కొత్తది, కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

కూర్చునే ముందు క్షణం ఆగాలి. పిలిచినవారు లేదా అందరిలో పెద్దవారు ఎక్కడ కూర్చోమంటారో చూసి అక్కడే కూర్చోవాలి. వంటకాలను చెప్పేది కూడా సాధారణంగా వారే. ఎవరికి వారు ఒక్కో వంటకం తెప్పించుకుని తినడం ఒంటరిగా వెళ్ళినప్పటి సంగతి. కలిసి కూర్చున్నప్పుడు వంటకాలన్నీ అందరివీ, అన్నం మాత్రమే ఎవరి పళ్ళెంలో వారిది. ఒక పులుసు, ఒక వేపుడు, ఒక కొబ్బరిపాల కూర, ఒక పచ్చికూరల సలాడు, ఒక “నామ్ ఫ్రిక్” ఇలా పులుపు, కారం, తీపి, ఉప్పు ఒకదానితో ఒకటి సరితూగేలా ఎంచుతారు. నామ్ ఫ్రిక్‌ను మన రోటిపచ్చడికి అక్కగా భావించవచ్చు, రోట్లో నూరి పచ్చి కూరగాయలతో నంజుకుంటారు. వంటకాలు ఏ వరుసలోనైనా వస్తాయి, అన్నీ వచ్చేదాకా వేచి ఉండనక్కరలేదు, కానీ పెద్దవారు మొదటి చెంచా తీసుకున్నాకే మనం తీసుకోవాలి.

ఇక చెంచా. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు పట్టుకోవాలి. ఫోర్కు పని అన్నాన్ని, కూర ముక్కను చెంచాలోకి తోయడం మాత్రమే. నోట్లోకి వెళ్ళేది చెంచా. కత్తి ఉండదు, ఎందుకంటే ముక్కలను వంటింట్లోనే చిన్నగా తరుగుతారు, ఇంకా పెద్దదిగా ఉంటే చెంచా అంచుతో విడదీస్తారు. ఒకప్పుడు వారూ మనలాగే చేత్తో తినేవారు. పందొమ్మిదో శతాబ్దంలో రాజాస్థానం యూరోపియన్ పద్ధతులను తెలుసుకుని, తమ భోజనానికి పనికివచ్చే చెంచా, ఫోర్కులను ఉంచుకుని కత్తిని వదిలేసింది. చైనా పుల్లలు అడగడం చాలామంది విదేశీయులు చేసే పొరపాటు. అవి నూడిల్సు గిన్నెకే, పళ్ళెంలోని అన్నానికి కావు.

మనం అన్నిటికన్నా ఎక్కువగా మార్చుకోవలసిన అలవాటు వడ్డించుకోవడంలో ఉంది. విస్తరి ముందు కూర్చుని పప్పు, కూర, పచ్చడి, వేపుడు అన్నీ ఒకేసారి వడ్డించుకోవడం మనకు నిండుతనం. థాయ్ బల్ల మీద ఒక్కసారికి ఒక్క వంటకం నుంచి ఒకటి లేదా రెండు చెంచాలు మాత్రమే తీసుకుని, అన్నంలో ఒక పక్కన వేసుకుని, తిన్నాక మరొకదాని దగ్గరకు వెళ్ళాలి. పళ్ళెంలో అన్నీ కుప్పగా పోసుకుంటే, మిగతావారికి ఉండదేమోనన్న ఆత్రం కనిపిస్తుంది. తీసుకోవడానికి గిన్నెలో వేసి ఉండే ఉమ్మడి చెంచాను “చోన్ క్లాంగ్” అంటారు. మన ఎంగిలి పట్టింపుకు ఇది సరిగ్గా సరిపోతుంది, ఆ చెంచా కనిపించకపోతే అడగడంలో తప్పు లేదు. దూరంగా ఉన్న గిన్నెను లాక్కోకుండా పక్కవారిని అందించమనవచ్చు. చివరి ముక్కను అడగకుండా తీసుకోకూడదు, తీసుకోమని బలవంతం చేస్తే తీసుకోవాలి. పెద్దవారు మీ పళ్ళెంలో ఒక మంచి ముక్క వేస్తే అది ఆప్యాయత, వాయ్‌తోనో “ఖోప్ ఖున్” తోనో అందుకోవాలి.

చేత్తో తినే సుఖం కావాలంటే ఈశాన్యపు ఈసాన్ ప్రాంతానికీ ఉత్తరానికీ వెళ్ళాలి. అక్కడ “ఖావ్ నియావ్” అనే జిగట అన్నాన్ని “క్రతిప్” అనే చిన్న వెదురు బుట్టలో తెస్తారు. మూత తీసి, కుడిచేతి వేళ్ళతో ఉసిరికాయంత తీసి, వేళ్ళతోనే నొక్కి ఉండ చేసి, దాన్ని పచ్చడిలోనో, మాంసపు తరుగులోనో అద్ది తింటారు. మనలాగా కలిపి పిసకడం ఉండదు, అరచేతికి అంటనివ్వరు. అన్నం తీసుకున్నాక ప్రతిసారీ మూత పెట్టాలి, లేకపోతే మెతుకు గట్టిపడుతుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ ఒక చేత్తో ఉండ చేస్తూ రెండో చేత్తో అలవోకగా మూత మూయడం చూస్తే, చెప్పకుండానే పాఠం అందుతుంది.

నూడిల్సు బండి దగ్గర మరో పద్ధతి ఉంది. “క్వయ్‌తియావ్” గిన్నె కావాలనే కొంచెం చప్పగా వస్తుంది. బల్ల మీద నాలుగు చిన్న గిన్నెల గుత్తి ఉంటుంది: పంచదార, ఎండుకారం, పచ్చిమిర్చి వేసిన వెనిగర్, మిరపముక్కలు వేసిన చేపసాస్. ముందు ఒక చెంచా పులుసు రుచి చూసి, తరువాత ఎవరి నాలుకకు తగినట్టు వారు కలుపుకుంటారు. వంట చేసినవారి ముందే ఉప్పు కలుపుకుంటే చిన్నబుచ్చినట్టని మనకు అనిపిస్తుంది, అక్కడ అది గిన్నెలో చివరి వంట. మనవారు సంచిలో తెచ్చుకున్న ఆవకాయ సీసాను భోజనశాలలో తెరవడం మాత్రం వద్దు. ఇష్టంగా వండి పెట్టిన దాని మీద మన ఊరి కారం పోయడం క్రేంగ్ జై కాదు, ఆ సీసాను గదిలో వాడుకోవచ్చు.

కారం గురించి ఒక మాట. గుంటూరు మిరపకాయ తిన్న ధీమాతో “బాగా కారంగా చేయండి” అని అడిగినవారు పచ్చి బొప్పాయి సలాడు “సోమ్ తామ్” ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. మనం కారాన్ని అన్నంలో, నూనెలో కలిపి తింటాం. వారి పిట్టమిరప “ఫ్రిక్ ఖీ నూ” పచ్చిగా, నిమ్మరసంతో కలిసి నేరుగా నాలుకకు తగులుతుంది. మొదటిసారి “ఫెత్ నిత్ నోయ్”, అంటే కొంచెం కారం అని చెప్పడం క్షేమం. అసలు వద్దనుకుంటే “మై ఫెత్”. రుచి నచ్చితే “అరోయ్” అనడం మరువకూడదు, వండినవారి ముఖం వెలుగుతుంది.

పళ్ళు కుట్టుకోవలసివస్తే రెండో చేయి అడ్డం పెట్టుకోవాలి. బల్ల దగ్గర ముక్కు చీదకూడదు. తిన్నాక చెంచానూ ఫోర్కునూ పళ్ళెంలో పక్కపక్కన ఉంచితే ముగిసిందని తెలుస్తుంది.

తొమ్మిదవ మెట్టు: శాకాహారులు అడగవలసిన తీరు

కేవలం మాంసం వద్దని చెబితే సరిపోదు. చూడటానికి కూరగాయల వేపుడే అయినా అందులో చేపసాస్ “నామ్ ప్లా”, ఆల్చిప్పల సాస్, రొయ్యల ముద్ద “కపి” ఉండవచ్చు. వారి దృష్టిలో అవి ఉప్పూ మసాలాల వంటివి, మాంసం కాదు. “మంగ్‌సవిరత్” అంటే శాకాహారం. మాంస విరతి అన్న సంస్కృత పదమే అది, కానీ అందులో గుడ్డు, పాలు ఉండవచ్చు. అంతకన్నా కట్టుదిట్టమైన మాట “జే”. పసుపు పతాకం మీద ఎర్రని అక్షరంతో ఆ మాట రాసిన అంగడిలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకంలో ఉల్లి వెల్లుల్లి మానేసే మనవారికి ఇంతకన్నా నిశ్చింత అయిన గుర్తు మరొకటి లేదు. పెరుగన్నం మాత్రం అక్కడ ఆశించకూడదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తొమ్మిది రోజులు జరిగే జే ఉత్సవ కాలంలో, ముఖ్యంగా ఫుకెట్‌లో, వీధుల నిండా ఈ పతాకాలే ఉంటాయి. గోమాంసం మాత్రమే తిననివారు “మై కిన్ నూవా” అనాలి. ఈ మాటలను థాయ్ లిపిలో ఒక కాగితం మీద రాయించుకుని వంటమనిషికి చూపడం అన్నిటికన్నా మంచి ఉపాయం, అడగడానికి మొహమాటపడి బల్ల దగ్గర పళ్ళెం తోసేయడం కన్నా ఎంతో మర్యాద.

పదవ మెట్టు: బిల్లు

పిలిచినవారు గానీ, అందరిలో పెద్దవారు గానీ డబ్బు కడతారు. “నేనిస్తా, నేనిస్తా” అని బిల్లు లాక్కుని పెనుగులాడటం మన దగ్గర ప్రేమ, అక్కడ పెద్దవారి స్థానాన్ని ప్రశ్నించినట్టు. ఒక్కసారి మృదువుగా అడిగి, వారు వద్దంటే వాయ్ చేసి ఊరుకోవాలి. తరువాతిసారి పళ్ళో, కాఫీయో మీరు ఇప్పించవచ్చు. మీరే పిలిచినట్టయితే మీరే కట్టాలి, అలాంటప్పుడు లెక్క పంచడం ఉండదు. స్నేహితుల మధ్య మాత్రం సమానంగా పంచుకోవడం ఉంది. పెద్ద భోజనశాలలో “చెక్ బిన్” అనీ, బండి దగ్గర “కెప్ తాంగ్” అనీ అంటే బిల్లు వస్తుంది. కొన్ని చోట్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి, అంటే 10 శాతం సేవారుసుము, 7 శాతం పన్ను అదనం. రుసుము కలపని చోట మిగిలిన చిల్లరనో, ఒక 20 బాత్‌ల నోటునో వదలడం చాలు.

పదకొండవ మెట్టు: ఇంటికి పిలిస్తే

ఇంటికి పిలవడం పెద్ద గౌరవం. పళ్ళు గానీ, మన ఊరి మిఠాయి గానీ తీసుకువెళ్ళవచ్చు. పూతరేకుల పెట్టె ఇస్తే దాని కథ చెప్పడానికి ఒక మంచి కబురూ దొరుకుతుంది. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో, లేదా ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి ఇవ్వాలి. వారు దాన్ని మీ ఎదుట విప్పకుండా పక్కన పెడితే నచ్చలేదని కాదు, ఆత్రం చూపకూడదన్న సంస్కారం. మీకు ఇచ్చినదాన్ని మీరూ అలాగే ఉంచాలి. ప్రాంగణంలో స్తంభం మీద చిన్న గుడిలా ఉన్నది ఆ స్థలాన్ని కాపాడే దేవత ఇల్లు. అక్కడ పూలతో పాటు స్ట్రా పెట్టిన ఎర్రని శీతలపానీయపు సీసా కనిపించినా, అది నైవేద్యం, ముట్టుకోకూడదు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్ పండుగకు వెళితే, ఆ పేరులో సంక్రాంతి వినబడుతుంది; వీధిలో నీళ్ళు చల్లుకుంటారు గానీ, ఇంట్లో మాత్రం పెద్దల అరచేతుల మీద సుగంధజలాన్ని సన్నగా పోసి దీవెన అడుగుతారు. అక్కడ బిందెడు నీళ్ళు కుమ్మరించకూడదు.

పన్నెండవ మెట్టు: పొరపాటు జరిగితే

ఎంత చదివివెళ్ళినా ఎక్కడో ఒకచోట కాలు తగులుతుంది, ఎవరి తల మీదుగానో చేయి వెళుతుంది. అప్పుడు కారణాలు చెప్పకుండా వెంటనే చేతులు జోడించి “ఖో థోత్ ఖ్రప్” లేదా “ఖో థోత్ ఖా” అనాలి. “థోత్” అన్నది మన “దోషం”, “ఖో” అంటే అడగడం. చేసిన దోషానికి మన్నింపు అడుగుతున్నానని మొత్తం అర్థం. చాలాసార్లు బదులుగా “మై పెన్ రై” వస్తుంది. ఆ మాట విన్న తరువాత మళ్ళీ మళ్ళీ క్షమాపణ చెప్పకుండా, తల వంచి, మీ పళ్ళెంలోకి చూసి భోజనం కొనసాగించాలి.